బడి పుట్టినరోజు

మార్చి 5, మంగళవారం

వాన. ఎక్కడికీ వెళ్ళలేదు. మధ్యాహ్నం మనవరాలు నాగిసా, నేను నూడుల్స్ చేసుకుని తిన్నాం. అది ఉల్లికాడలన్నీ తీసి గిన్నె అంచున పెట్టింది. నేను ఏరుకుని తిన్నాను.

నా కూతురు మిహోకో పళ్ళ ఆసుపత్రిలో పని ముగించుకుని వచ్చేసరికి చీకటి పడింది. బూట్లు విప్పుతూనే గొంతు తగ్గించి, "బడి గురించి ఇవాళేమైనా అందా?" అని అడిగింది. నాగిసా బడి మానేసిన నవంబరు నుంచి రోజూ ఇదే అడుగుతుంది. నేను రోజూ "లేదు" అంటాను. తర్వాత మా ఇంటికి వచ్చేస్తాను. రెండు వీధుల అవతలే.

ఇల్లు చల్లగా ఉంది. పోయిన మా ఆయన ఫొటో ముందు అన్నం పెట్టాను. నాకు ఆకలి లేదు.

మార్చి 8, శుక్రవారం

ఎండ కాసింది. ఇంట్లో కూర్చుంటే పిల్లకి బూజు పట్టేలా ఉందని రైలెక్కించాను. రెండు పెట్టెల రైలు. పెట్టెలో మేమిద్దరం, నిద్రపోతున్న ఒక ముసలాయన. ఏటిగట్టు దగ్గర దిగాం.

టికెట్లు తీసుకునే ఆయన నాగిసా వైపు వంగి, "ఏం పాపా, బడి లేదా ఇవాళ?" అన్నాడు. అది నా చొక్కా చేయి పట్టుకుంది. గట్టిగా.

"ఇవాళ వాళ్ళ బడి పుట్టినరోజండీ. సెలవిచ్చారు," అన్నాను.

బడి పెట్టిన రోజున అలాంటి సెలవు ఉంటుంది. కాకపోతే మా ఊరి బడికి అది అక్టోబరులో.

గట్టు మీద కూర వండుకునే త్సుకుషి కాడలు లేచాయి. ఇద్దరం ఒక సంచి నిండా కోశాం. వాటి కణుపు కణుపుకీ గోధుమరంగు పొర ఉంటుంది, ఒక్కొక్కటీ ఒలవాలి, గోళ్ళు నల్లబడతాయి. మధ్యాహ్నమంతా అదే పని. నాగిసా ఒలిచినవి నా వాటికంటే శుభ్రంగా ఉన్నాయి. సోయా పోసి మగ్గించి, పైన గుడ్డు కొట్టాను.

"అమ్మమ్మా, నిజంగా మా బడి పుట్టినరోజు ఎప్పుడు?"

"నాకేం తెలుసే. దాన్ని కన్నది నేనా?"

నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది కాబట్టి రాసి పెడుతున్నాను.

మార్చి 13, బుధవారం

రేవు దాకా నడిచాం. పుల్లకి చుట్టి కాల్చిన చేపముద్ద వేడివేడిగా తిన్నాం. కొట్టు ఆవిడ కూడా బడి లేదా అంది. ఆవిడకీ అదే చెప్పాను.

తిరిగొస్తుంటే నాగిసా అంది, "ఈ నెల్లో మా బడి రెండుసార్లు పుట్టింది."

"గట్టి బడి," అన్నాను.

మార్చి 19, మంగళవారం

ప్రైమరీ బడి చివరిరోజు. మిగతా పిల్లలకి పొద్దున సభ జరిగింది. మేం సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక వెళ్ళాం. హెడ్‌మాస్టరు గదిలో నాగిసా ఒక్కదానికే పట్టా ఇచ్చారు. క్లాసు టీచరు హట్టోరి గారి కోటుకి పొద్దుటి కాగితం పువ్వు ఇంకా ఉంది. నాగిసా రెండు చేతులతో అందుకుని, చక్కగా వంగి నమస్కరించింది. పెద్దవాళ్ళం చప్పట్లు కొట్టాం. నలుగురం కొడితే చప్పట్లు విడివిడిగా వినిపిస్తాయి.

మిహోకో ఏడ్చింది. నేను చేపతొట్టి చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు మార్చి చాలా రోజులైనట్టుంది.

మార్చి 24, ఆదివారం

అల్లుడు అకినోరి హిరోషిమా నుంచి వచ్చాడు. ఉద్యోగం అక్కడ. కొత్త బడి యూనిఫాం వేయించి చూశారు. చేతులు పొడుగు. పెరుగుతుందిలే అని పెద్ద సైజు తీసుకున్నారు.

నాతో విడిగా, "ఏప్రిల్ నుంచి అంతా మామూలైపోతుంది కదా అత్తయ్యగారూ?" అన్నాడు. చూద్దామన్నాను. తిని, నిద్రపోయి, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. మంచివాడే. నెలకోసారి మంచివాడు.

ఏప్రిల్ 5, శుక్రవారం

హైస్కూలు మొదటిరోజు. నాగిసా ఆరింటికే లేచి యూనిఫాం వేసుకుంది. రిబ్బను తనే కట్టుకుంది. మిహోకో ముత్యాల దండ వేసుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి పంపించాను. పంపించి, గిన్నెలు కడిగి, కుర్చీలో కూర్చున్నాను. గడియారం ఇంత చప్పుడు చేస్తుందని ఇదివరకు తెలియదు.

అరగంటకి మిహోకో ఫోన్. "వంతెన దగ్గర కూర్చుండిపోయింది. లేవడం లేదు. నువ్వు రా. పుస్తకాలు తీసుకోవాలి, నేను లోపలికి వెళ్ళక తప్పదు."

వెళ్ళాను. తొందరగానే నడిచాను. నాగిసా వంతెన మెట్టు మీద కూర్చుని బూట్లు చూసుకుంటోంది. పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. గేటు దగ్గర చెర్రీ చెట్ల కింద అందరూ ఫొటోలు దిగుతున్నారు, అక్కడి మాటలు ఇక్కడికి వినిపిస్తున్నాయి.

"ఇంటికి పోదామా?" అన్నాను.

తలూపింది. దారిలో చెర్రీ ఆకు చుట్టిన బియ్యప్పిండి మోచి కొన్నాను. ఇద్దరం తిన్నాం. రుచిగా ఉంది.

నాకు ఆ పూట ఆకలి బాగా వేసింది.

ఏప్రిల్ 6, శనివారం

రాత్రిళ్ళు నాగిసాకి భయం వేస్తుందేమోనని మిహోకో ఇంట్లోనే పడుకుంటున్నాను. భయమేస్తోందని అది అనలేదు.

ఏప్రిల్ 8, సోమవారం

బుద్ధుడి పుట్టినరోజు. నాగిసాని గుడికి తీసుకెళ్ళాను. పూల పందిరి కింద బెత్తెడు బాలబుద్ధుడు, ఒక చేయి ఆకాశానికి, ఒకటి నేలకి చూపిస్తూ. గరిటెతో తీపి టీ ఆయన నెత్తిన పోసి దణ్ణం పెట్టుకున్నాం.

కెటిల్ పట్టుకుని అందరికీ టీ పోస్తున్న ఒకావిడ నాగిసాని పిలిచింది. "ఇది కాస్త పట్టుకుంటావా? చేయి లాగేస్తోంది."

పట్టుకుంది. వరసలో ఉన్నవాళ్ళందరికీ పోసింది. తెలియనివాళ్ళు "థాంక్యూ" అంటే తలదించుకుని పోస్తూనే ఉంది. నేను బల్ల మీద కూర్చున్నాను.

బడి లేదా అని ఆవిడ అడగలేదు. అయినా నేనే, "ఇవాళ వాళ్ళ బడి పుట్టినరోజు," అన్నాను.

"మా దగ్గరికొచ్చే పిల్లల బళ్ళన్నీ రోజూ పుడుతూనే ఉంటాయండీ," అని నవ్వింది.

పేరు కానియె. బడికి వెళ్ళని పిల్లల కోసం పాత చేపల మార్కెట్ ఆఫీసు పైఅంతస్తులో మునిసిపాలిటీ వాళ్ళు ఒక క్లాసు పెట్టారట. అది ఈవిడ చూసుకుంటుంది.

"ఏం చదువు చెప్తారక్కడ?" అన్నాను.

"వచ్చినవాళ్ళు ఏదడిగితే అదండీ. పింగ్‌పాంగ్ బల్ల ఒకటుంది. ఒక కాలు పొట్టి. బంతి ఎప్పుడూ నా వైపే దొర్లుతుంది. అందుకే ఎప్పుడూ నేనే ఓడిపోతాను."

నాగిసా నవ్వింది. ఆవిడ అడగ్గానే ఇంటి ఫోన్ నంబరూ అడ్రసూ నన్ను చూడకుండానే చెప్పేసింది.

ఆవిడ బూట్లకి మడమలు పూర్తిగా అరిగిపోయాయి. తన బూట్లే చూసుకోలేని మనిషి పిల్లల్నేం చూసుకుంటుంది.

ఏప్రిల్ 12, శుక్రవారం

కానియె ఫోన్ చేసింది. నాగిసా పైన పడుకుని ఉంది. నిద్రపోతోందని చెప్పాను. మిహోకోకి చెప్పడానికి సందు దొరకలేదు.

ఏప్రిల్ 15, సోమవారం

పొద్దున కాఫీ దగ్గర నాగిసా అడిగింది. "అమ్మమ్మా, ఆ పింగ్‌పాంగ్ ఆవిడ దగ్గరికి రేపు ఒకసారి వెళ్ళి చూద్దామా? ఊరికే."

"రేపు ఇసోబె గారి కొండ మీదికి వెదురు మొలకలకి వస్తామని మాటిచ్చాను కదే."

ఇవ్వలేదు. తర్వాత ఫోన్ చేసి ఇచ్చాను. కాబట్టి ఇచ్చినట్టే.

ఏప్రిల్ 16, మంగళవారం

వెదురు మొలకలకి వెళ్ళాం. ఇసోబె గారు మా వారి స్నేహితుడు, ఇప్పుడు మోకాలికి పట్టీతో నడుస్తున్నారు. మొలక నేల మీదికి రాకముందే తవ్వాలి, మట్టి చిన్నగా పగిలిన చోటు కాలితో తడిమి కనుక్కోవాలి. నాగిసాకి రెండు దొరికాయి.

"తోషియే గారూ, మీ ఆయన పోయాక మీ మొహంలో కళ చూడటం ఇదే," అన్నారు ఇసోబె గారు.

"ఎండకి ఎర్రబడింది అంతే," అన్నాను.

తవుడు వేసి ఉడికించి, అన్నంలో కలిపి వండాను. మిహోకో మూడు గిన్నెలు తింది. ఇల్లంతా మంచి వాసన. ఇలాంటి రోజులుంటే చాలు. ఎవరికైనా ఇంకేం కావాలి.

ఏప్రిల్ 18, గురువారం

మళ్ళీ ఫోన్. జలుబని చెప్పాను. నిజానికి పొద్దున రెండుసార్లు తుమ్మింది. మిహోకోకి చెప్పడానికి సందు దొరకలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

వాన.

ఏప్రిల్ 23, మంగళవారం

నాగిసాకి కానియె పోస్టుకార్డు రాసింది. బుధవారం పిల్లలంతా కలిసి కూర వండుతారట, ఉల్లిపాయలు తరిగేవాళ్ళు తక్కువయ్యారట.

కార్డు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మమ్మా, బుధవారమంటే రేపే."

"రేపు పౌర్ణమి. సముద్రం బాగా వెనక్కి పోతుంది. ఆల్చిప్పలకి ఇంత మంచిరోజు మళ్ళీ దొరకదు."

కాసేపు నన్నే చూసింది. "సరే," అంది.

సరే అంది కాబట్టి ఇష్టమే.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. రేపు మా ఇంట్లో పూజ ఉందని చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆయన ఫొటో గుర్తొచ్చింది. చాలా రోజులుగా అటు వెళ్ళలేదు.

ఏప్రిల్ 24, బుధవారం

సముద్రం ఎదురుగా ఉన్న ద్వీపం దాకా వెనక్కి పోయింది. నాలుగు వేళ్ళ పార, వల సంచి తీసుకుని, ప్యాంట్లు మడుచుకుని దిగాం. చిప్పలు ఈమధ్య తగ్గిపోయాయి, గంట తవ్వితే గుప్పెడు. నాగిసా వంగి తవ్వుతూనే ఉంది. వీపు మాత్రమే కనిపిస్తోంది. నేనే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉన్నాను, గాలి గురించి, చిన్నప్పుడు మిహోకో ఇక్కడే చెప్పు పోగొట్టుకోవడం గురించి.

పక్కన తవ్వుతున్న టోపీ పెద్దాయన, "పాపకి బడి లేదా ఇవాళ?" అని అడిగాడు.

"ఇవాళ వాళ్ళ బడి..." అని నేను మొదలుపెట్టాను.

"లేదండీ," అంది నాగిసా. తలెత్తి ఆయన్నే చూస్తూ. "నేను బడికి వెళ్ళడం లేదు."

ఆయన పార ఇసుకలో గుచ్చి, చేయి నడుం మీద పెట్టుకున్నాడు. "అలాగా. అయితే ఇటొచ్చి తవ్వు. ఆ రాయి వెనకాల కొంచెం ఎక్కువున్నాయి."

వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఆ రాయి వెనకాల చాలాసేపు తవ్వారు. నేను నిలబడిన చోటే ఉన్నాను. ఎండ బాగానే ఉంది కానీ నాకు చలేసింది. పాదాలు నీళ్ళలో ఉన్నందుకు.

ఏప్రిల్ 26, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మిహోకో చేతిసంచి దించకుండానే వంటింట్లోకి వచ్చింది. నేను మిగిలిన చిప్పలతో మిసో పులుసు కాస్తున్నాను.

"కానియె గారు ఆసుపత్రికి ఫోన్ చేశారు."

"ఏ కానియె?"

"అమ్మా."

నేను మంట తగ్గించాను.

"ఇంటికి మూడుసార్లు చేశారట. మూడుసార్లూ నువ్వే తీశావట. ఒకసారి నిద్రపోతోందన్నావు. ఒకసారి జలుబన్నావు. ఒకసారి ఇంట్లో పూజన్నావు. ఏం పూజమ్మా?"

"నీకు చెబుదామనే అనుకున్నా. సందు దొరకలేదు."

"నిన్న మనిద్దరం కూర్చుని టీవీలో వంటల పోటీ మొదట్నుంచి చివరిదాకా చూశాం. ఆ జుట్టు రంగేసుకున్నవాడు ఓడిపోతాడని పందెం కూడా కట్టావు. అప్పుడూ దొరకలేదా సందు?"

నేను గరిటెతో చిప్పలు కలిపాను.

"ఆర్నెల్ల నుంచి నేను ఎదురుచూస్తున్న మాటది. ఎక్కడికైనా సరే, వెళ్తానని అది అనాలని. అది నీతో అనే ఉంటుంది, నువ్వు నాకు చెప్పలేదు."

"అక్కడికెళ్తే మాత్రం ఏముంది. విరిగిన బల్ల ఒకటి."

"ఒంటరిగా ఉండలేకపోతున్నా, మీతో ఉంటానని నన్నడిగితే నేను కాదంటానా? దానికి పిల్లని అడ్డం పెట్టుకోవాలా?"

"నేనెందుకడుగుతాను. నాకేం లోటు."

స్నానం చేసిన జుట్టుతో నాగిసా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"అమ్మమ్మనేం అనకు," అంది. "నాకు తెలుసు."

"నీకేం తెలుసు?" అంది మిహోకో.

"ఫోన్లొస్తున్నాయని. జలుబని చెప్పినప్పుడు మెట్ల మీదే ఉన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

నాగిసా తువ్వాలు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "నేను అక్కడికెళ్తే అమ్మమ్మ పొద్దున లేచి ఎక్కడికొస్తుంది? తాతయ్య పోయినప్పుడు అమ్మమ్మ పళ్ళు కూడా తోముకునేది కాదని నువ్వే నాన్నతో అన్నావు. అందుకని ఎక్కడికి రమ్మంటే అక్కడికెళ్ళా. ఆ త్సుకుషి కాడలు కోయడం నాకంత ఇష్టం కూడా లేదు."

మిసో పులుసు మరగకూడదు, రుచి పోతుంది. మరిగిపోయింది. ముగ్గురం అదే తిన్నాం.

ఏప్రిల్ 27, శనివారం

మా ఇంటికి వచ్చేశాను. ఎవరూ పొమ్మనలేదు. కిటికీలు తెరిచాను. ఆయన ఫొటో తుడిచాను.

ఏప్రిల్ 29, సోమవారం

కాడలు ఇష్టం లేదట. అంత శుభ్రంగా ఒలిచింది.

మే 1, బుధవారం

అన్నం ఎక్కువ వండాను. చేయి కొలత మరిచిపోయింది.

మే 2, గురువారం

పళ్ళు తోముకోని రోజులు నాకు గుర్తు లేవు. ఉండి ఉండవచ్చు.

నేను తప్పు చేశానని అనుకోవడం లేదు. పిల్ల చిక్కిపోయి ఉంటే బయట తిప్పాను, తినిపించాను. ఎవరైనా చేసేదే. ఫోన్ల సంగతి వేరు.

మే 4, శనివారం

అల్లుడు సెలవులకి వచ్చి, స్వీట్ల పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. "భోజనానికి రండి అత్తయ్యగారూ. మిహోకో కూడా రమ్మంది."

"తనంతట తనే అందా, లేక నువ్వే చెప్తున్నావా?"

నిజం చెప్పడం అతనికి కష్టమైంది. కడుపులో బాగాలేదని చెప్పి పంపేశాను. స్వీట్లు తీసుకున్నాను. బాగున్నాయి.

మే 6, సోమవారం

సెలవులకి ఆఖరిరోజు. సాయంత్రం నాగిసా వచ్చింది. డబ్బాలో అన్నం, వేయించిన చేప. మిహోకో పంపిందంది. చేప ఒకవైపు మాడింది కాబట్టి మిహోకో చేసిందే.

చాప మీద కూర్చుని గది అంతా చూసింది. "రేపు కానియె గారి దగ్గరికి వెళ్తున్నా," అంది.

"ఊఁ."

"ఆ మెట్లు ఇనపవి. ఎక్కుతుంటే చప్పుడొస్తుంది. అందరూ చూస్తారు. కింద దాకా నువ్వు రావాలి."

కింద దాకా వెళ్తే తలుపు దాకా వెళ్తాను. తలుపు దాకా వెళ్తే లోపల కుర్చీ ఎక్కడుందో వెతుక్కుంటాను. ఆ సంగతి నాకు తెలుసు.

"రేపు నాకు పనుంది," అన్నాను.

"ఏం పని?"

"సవాలక్ష ఉంటాయి. అన్నీ నీకు చెప్పాలా?"

"నిజంగా ఉందా?"

"ఉంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తీరదు. నువ్వొచ్చినా తలుపు తీసే తీరిక ఉండదు."

చాలాసేపు చూసింది. తర్వాత, ఏదో బరువు దించుకున్నట్టు, చాప మీద వెల్లకిలా పడుకుంది. "అయితే సాయంత్రం వచ్చి చూస్తా. చేశావో లేదో."

అది వెళ్ళాక రాత్రి దాకా ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏం పని చేయాలో ఇంకా తేలలేదు.

మే 7, మంగళవారం

కర్టెన్లు ఉతికాను. అన్ని గదులవీ. నీళ్ళు నల్లగా వచ్చాయి. ఆయన ఉన్నప్పుడు ఉతికినవే.

తొమ్మిదింటికి వీధి చివరకి వెళ్ళి చూడాలనిపించింది. చెత్త వేసే రోజైతే వెళ్ళేదాన్ని.

సాయంత్రం నాగిసా వచ్చింది. వరండాలో ఆరేసిన కర్టెన్లు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఓడిపోయా. ఆవిడ చెప్పిందంతా అబద్ధం. బంతి ఆవిడ వైపు దొర్లదు."

మే 8, బుధవారం

నాగిసా ఇవాళ వెళ్ళలేదట. కడుపు నొప్పి. మిహోకో ఫోన్ చేసి చెప్పింది. పదకొండు రోజుల తర్వాత మిహోకో గొంతు. నేను రానా అని అడగలేదు.

మే 9, గురువారం

వెళ్ళింది.

మే 11, శనివారం

శనివారం ఆసుపత్రి ఒంటిపూటే. నేను అన్నం తింటుంటే మిహోకో తలుపు తీసుకుని వచ్చింది. బూట్లు విప్పలేదు.

"ఖాళీయేనా?"

"నాగిసా ఏది?"

"కానియె గారి దగ్గరుంది. బల్ల కాలికి చెక్క కోస్తున్నారట. సాయంత్రం దాకా రానంది." బూటు మడమ నేలకేసి రాస్తూ నిలబడింది. చిన్నప్పుడూ అంతే, ఏదైనా అడగాలంటే. "నన్నెక్కడికైనా తీసుకెళ్ళు. దాన్ని అన్నిచోట్లకీ తిప్పావు. నేనీ ఊళ్ళోనే పుట్టాను, ఏం చూశాను?"

"ఇప్పుడేముంది చూడటానికి. పూలు రాలిపోయాయి. వెదురు ముదిరిపోయింది."

"ఏమీ లేకపోయినా ఫర్వాలేదు."

ఏటిగట్టు దాకా టికెట్లు తీసుకున్నాం. మొదటి రెండు స్టేషన్ల దాకా మిహోకో మాట్లాడుతూనే ఉంది. డాక్టరు గారి కొత్త కళ్ళజోడు గురించి. పన్ను పీకకముందే ఏడ్చే ఒక పెద్ద ఆఫీసరు గురించి. తర్వాత, కిటికీలోంచి చూస్తూ, "ఆ రోజు వంటింట్లో నేను..." అంది. నేను ఆగాను. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మళ్ళీ చూస్తే నిద్రపోయింది.

తల నా భుజం మీద వాలింది. జుట్టు మందుల వాసన వేస్తోంది. పాపిట దగ్గర కొన్ని తెల్లవెంట్రుకలు. ఇన్నాళ్ళూ నాకు తెలియదు. వరిమళ్ళలో నీళ్ళు పెట్టారు, నాట్లింకా వేయలేదు, కిటికీ పొడుగునా, కింద ఆ నీళ్ళలో కూడా ఆకాశమే.

ఏటిగట్టు వచ్చింది. లేపలేదు.

చివరి స్టేషన్‌లో కండక్టరు కుర్రాడు వచ్చి, "అమ్మా, ఇదే ఆఖరండీ. దిగాలి," అన్నాడు.

"ఈ బండే వెనక్కి వెళ్తుందా?"

"వెళ్తుందండీ. ఓ పది నిమిషాలాగి."

"అయితే ఇలాగే కూర్చుంటాం. టికెట్టు సంగతి తర్వాత చూద్దాం."

మిహోకోని చూశాడు. చప్పుడు కాకుండా అవతలి చివరకి నడిచి వెళ్ళాడు.

బండి వెనక్కి కదిలింది. అది లేవలేదు. మళ్ళీ ఏటిగట్టు వచ్చింది, పోయింది. మా ఊరు వచ్చేదాకా నేను కుడిచెయ్యి కదపలేదు. ఇప్పుడిది రాస్తుంటే వేళ్ళు ఇంకా సరిగ్గా ఆడడం లేదు.